లప్పం కింద తుప్పు: పాత కారుకి ఏ ప్రైమర్?

దసరాకి ముందు షెడ్డు నుంచి బయటికొచ్చిన పాత అంబాసిడర్ అద్దంలా మెరుస్తుంది. ఆయుధపూజ రోజు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బానెట్ మీద పసుపు కుంకుమ పెట్టి, ఊరంతా ఒక చుట్టు తిప్పుతారు. సంక్రాంతి దాకా ఏ తేడా తెలియదు. జూన్ వానలు మొదలయ్యాక డోరు కింది అంచున పెసరగింజంత పొంగు ఒకటి కనిపిస్తుంది. గోటితో నొక్కితే మెత్తగా తగులుతుంది. ఇంకో నెలకి దాని పక్కన నాలుగు లేస్తాయి. మడ్‌గార్డు మీద, హెడ్‌లైటు వెనక వైపున ఇంకో గుంపు. అప్పుడు తిట్లు తినేది పెయింటు కంపెనీ, లేకపోతే పెయింటర్. "ప్రైమర్ మంచిది వేయలేదు" అని అందరూ ఒకే తీర్పు చెబుతారు.

అందులో నిజం సగమే. ప్రైమర్ తుప్పుకి మందు కాదు. శుభ్రమైన ఇనుముకీ పై రంగుకీ మధ్య పట్టు కుదిర్చే పొర అది, నీటికి కొంతవరకు అడ్డుతెర కూడా. రేకు మీద ఏముందో చూడకుండా ఏ ప్రైమర్ మంచిదని అడగడం, నేల ఎలాంటిదో చెప్పకుండా ఏ విత్తనం వేయమంటారని అడిగినట్టే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ రేకు మీద తుప్పు ఒక్కటే కాదు, ఉప్పు కూడా ఉంటుంది. తుప్పు కంటికి కనిపిస్తుంది కాబట్టి దాన్ని రుద్దుతారు. ఉప్పు కనిపించదు కాబట్టి దాని మీదే ప్రైమర్ కొట్టేస్తారు.

ఉప్పుగాలి ఊళ్లలో ఇనుము

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఉప్పు చేరితే ఆ పని జోరందుకుంటుంది. ఉప్పునీటిలో కరెంటు తేలిగ్గా పారుతుంది. తుప్పు పట్టడమంటే అతి చిన్న బ్యాటరీ నడవడం లాంటిదే కాబట్టి, ఆ బ్యాటరీకి ఉప్పునీరు తీగలా పనిచేస్తుంది. దీనికి తోడు ఉప్పు గాలిలోని చెమ్మని లాగి పెట్టుకుంటుంది. వానాకాలంలో వంటింట్లో గళ్లుప్పు జాడీ ఎలా నీరుకారుతుందో, మడ్‌గార్డు లోపల పేరుకున్న ఉప్పు పొర కూడా అలాగే చెమ్మగిల్లుతుంది. సముద్రపు ఉప్పులో మామూలు ఉప్పుతో పాటు మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. గాలిలో తేమ 33 శాతం దాటితే చాలు, అది నీటిని పట్టేస్తుంది. ఈ తీరంలో తేమ అంతకన్నా తగ్గడం అరుదు. అంటే మనకి బండి ఎండిపోయినట్టు కనిపించే రోజున కూడా లోపలి ఉప్పు తడిగానే ఉండొచ్చు.

శ్రీకాకుళం జిల్లాకి సుమారు 190 కిలోమీటర్ల తీరం ఉంది. విజయనగరం జిల్లాకి ఉన్నది చిన్న తీరం, భోగాపురం, పూసపాటిరేగ మండలాల మేర. నౌపడ ఉప్పుమడుల పక్కన, భావనపాడు, కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్లలో ఇళ్ల కిటికీ గ్రిల్లులు, బీరువా కాళ్లు ఎంత త్వరగా పొరలు లేస్తాయో అక్కడివాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. అదే గాలి కారుకీ తగులుతుంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపానులో అయితే ఉప్పునీటి తుంపర గాలితో పాటు చాలా లోపలికి వస్తుంది. కొబ్బరితోటలో పాకకింద నిలిపిన బండి మీద నీళ్లు నిలవకపోయినా, డోరు సందుల్లో, బీడింగు కింద ఉప్పు చేరిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో పాత బండి కొనేవాళ్లు ఇంజను, కాగితాలు చూస్తారు. తుపాను నాటికి ఆ బండి ఎక్కడుందని అడిగేవాళ్లు తక్కువ. ముందు అడగాల్సింది అదే.

తుప్పు దాక్కున్న చోటే ఎందుకు ఎక్కువ తింటుందన్నది ఇంకో ప్రశ్న. ఇనుప రేకు మీద ఒక నీటిబొట్టుని ఊహించుకోండి. బొట్టు అంచుల్లో గాలి బాగా తగులుతుంది, నడుమ అందదు. ఆక్సిజన్ ఎక్కువున్న అంచు భద్రంగా ఉండి, అది అందని నడిమి భాగం కరిగిపోతుంది. ఎరుపు కనిపించేది ఒక చోట, రేకు పోయేది మరో చోట. బురద ముద్ద కింద, రబ్బరు మ్యాటు కింద, రెండు రేకులు అతికిన సందులో జరిగేది ఇదే. పైగా తుప్పు తాను తిన్న ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అందుకే స్పాట్ వెల్డింగుతో అతికిన రెండు రేకుల మధ్య అది చేరితే, వాటిని మేకు కొట్టినట్టు విడదీస్తుంది. ఆ సందులోకి బ్రష్షు పోదు, స్ప్రే గన్ను పోదు.

అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టింది. 1950ల చివరి నుంచి 2014 మే దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైంది. ఫియట్ 1100 డిలైట్‌గా మొదలైన ప్రీమియర్ పద్మిని ఉత్పత్తి 2000 ప్రాంతంలో ముగిసింది. ఈ రెండిటికీ లారీకి ఉన్నట్టు విడి ఛాసీ, అంటే బరువు మోసే అడుగు ఫ్రేము, ఉండదు. బాడీయే ఛాసీ. డోర్ల కింద పొడవునా ఉండే పెట్టె లాంటి సిల్లు, ఫ్లోరు, వెనక కమాన్ల పట్టు దగ్గరి రేకులు బండి బరువు మోస్తాయి. ఇప్పటి కార్ల బాడీని మొత్తంగా ప్రైమర్ తొట్టిలో ముంచి, కరెంటుతో లోపలి మూలలకి కూడా పొర పట్టిస్తారు. క్యాథోడిక్ డిప్ అనే ఆ పద్ధతి ప్రపంచ కార్ల పరిశ్రమలో విస్తరించింది 1970ల రెండో సగం నుంచే. స్ప్రేతో కొట్టిన ప్రైమర్ పెట్టె లోపలికి చేరదు. పాత బండిలో తుప్పు లోపలి నుంచి బయటికి రావడానికి అదొక పెద్ద కారణం. బయట పొంగు కనిపించేసరికి కథ చివరి అధ్యాయంలో ఉంటుంది.

తట్టి, పొడిచి, తడిమి చూడటం

వెతకడానికి ఖరీదైన సామాను అవసరం లేదు. ఒక చిన్న మ్యాగ్నెట్టు, చెక్క పిడి ఉన్న స్క్రూడ్రైవరు, టార్చిలైటు చాలు. మ్యాగ్నెట్టుకి పలచటి గుడ్డ చుట్టి డోరు మీద పైనుంచి కిందికి జరపాలి. పైన గట్టిగా పట్టినది కింది బెత్తెడు మేర జారిపోతే అక్కడ రేకు మీద లప్పం (పల్లాలు నింపే పుట్టీ) దట్టంగా ఉంది, లేదా రేకే లేదు. పిడితో తట్టితే మంచి రేకు టంగుమంటుంది, లప్పం ఉన్న చోట డబ్‌మంటుంది. కొబ్బరికాయ తట్టి చూసే చెవికి ఈ తేడా పట్టడం కష్టం కాదు. పెయింటు మందం కొలిచే మీటరు దొరికితే ఇంకా మంచిది. కంపెనీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మీటరు 300 చూపిస్తే మళ్లీ రంగు పడిందని అర్థం, 1000 దాటితే కింద లప్పం ఉందని అర్థం.

అంబాసిడర్‌లో మొదట చూడాల్సింది ముందు మడ్‌గార్డు లోపలి పైభాగం. చక్రం విసిరిన బురద హెడ్‌లైటు గిన్నె వెనక, బానెట్ అంచు కింద పేరుకుని నెలల తరబడి చెమ్మతో ఉంటుంది. తర్వాత డోర్ల అడుగు. కిటికీ అద్దం పక్క నుంచి దిగిన నీరు పోవడానికి అక్కడ చిన్న చిల్లులు ఉంటాయి. పాత పెయింటింగుల్లో లప్పంతోనో రంగుతోనో అవి మూసుకుపోయి ఉంటే డోరు నీళ్ల కుండలా తయారవుతుంది. ముందు వెనక అద్దాల రబ్బరు బీడింగు కింది మూలలు, రూఫ్ గట్టర్, స్టీలు పట్టీల క్లిప్పుల చిల్లులు కూడా అంతే. బ్యాటరీ తట్ట కింద యాసిడ్ చుక్కల పని వేరే. డిక్కీలో స్టెపినీ కింద చేత్తో తడిమితే చెయ్యి ఎర్రగా వస్తే అదొక్కటే చాలు. అన్నిటికన్నా ముఖ్యం ఫ్లోరు. సీట్లు విప్పి, కార్పెట్టు, దాని కింద ఉన్న జనపనార గుడ్డ తీసేయాలి. ఆ గుడ్డ ఒకసారి తడిస్తే స్పాంజీలా నీటిని పట్టి ఉంచుతుంది. ఫ్లోరు కిందికి తారు పూత ఉంటే దాన్ని నమ్మకూడదు. తారు బాగానే ఉండి, దాని వెనక రేకు పొడి అయిపోయిన బండ్లు బోలెడు.

స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడటం యజమానులకి మనసొప్పదు. "ఉన్న బండికి చిల్లు పెడతావా" అంటారు. మొన దిగిన చోట చిల్లు ఎప్పుడో పడిపోయింది, రంగు దాన్ని మూసి ఉంచిందంతే. సిల్లు లోపలికి చూడటానికి ఫోనుకి తగిలించే సన్నటి పైపు కెమెరాలు ఇప్పుడు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. నీరు పోయే చిల్లులోంచి దాన్ని పంపితే, పైన పటారం లోన లొటారం అనే మాటకి సినిమా చూపిస్తుంది.

దొరికిన తుప్పు అంతా ఒకే రకం కాదు. పైపైన ఎర్రటి దుమ్ములా ఉన్నది రుద్దితే పోతుంది. గుంటలు పడి, మశూచి మచ్చల్లా ఉన్నదానికి లోపల వేళ్లున్నాయి, రుద్దడంతో పాటు రసాయనం కావాలి. చిల్లు పడినదానికీ, పొరలు పొరలుగా విడిపోతున్నదానికీ ఏ ప్రైమరూ పనికిరాదు, ఏ రసాయనమూ పనికిరాదు. కోసేసి కొత్త రేకు వెల్డింగు చేయాలి. ఇక్కడే ఖర్చు పెరుగుతుంది, ఇక్కడే చాలా పనులు పక్కదారి పడతాయి. పాత రేకు తీయకుండా దాని మీదే కొత్త రేకు పెట్టి అంచులు అతికించడం ఒక దారి. రెండు రేకుల మధ్య పాత తుప్పు అలాగే ఉండి, నీరు నిలవడానికి కొత్త సందు తయారవుతుంది. ఇంకొందరు ఫైబరు గుడ్డ, జిగురు పెట్టి పైన లప్పం పూస్తారు. డిక్కీ మూతకైతే అది అందం చెడని మోసం. బరువు మోసే సిల్లుకి చేస్తే మాత్రం ప్రమాదం జరిగిన రోజు దాని విలువ తెలుస్తుంది. డోర్లు మూసుకునేటప్పుడు సందులు సరిగ్గా కలవని పాత బండికి పెయింటు గురించి మాట్లాడే ముందు సిల్లు గురించి మాట్లాడాలి.

గ్యాస్ వెల్డింగు వేడికి పలచటి రేకు వంకరపోతుంది, ఆ వంకరని సరిచేయడానికి మళ్లీ లప్పం. వేడి తక్కువ చోట నిలిచే సీవోటూ వెల్డింగు, అది కూడా చుక్కలు చుక్కలుగా, రేకు చల్లారనిస్తూ చేయడం మేలు. వెల్డింగు చేసిన చోట వెనక వైపు ఉన్న రంగు కాలిపోతుందని గుర్తుంచుకోవాలి. బయట ఎంత బాగా ప్రైమర్ కొట్టినా, లోపల ఆ కాలిన చోటు పచ్చి ఇనుముగా మిగిలి ఉంటుంది.

కరక్కాయ రసాయనం, మామిడికాయ ఊట

తుప్పుని వేరే గట్టి పదార్థంగా మార్చే రసాయనాలని రస్ట్ కన్వర్టర్లు అంటారు. మార్కెట్లో దొరికే వాటిలో ఒక రకం టానిక్ యాసిడ్‌తో చేసినవి. ఇది మన దేశానికి కొత్త విద్య కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు గుడ్డని కరక్కాయ కషాయంలో నానబెట్టి, ఇనుము బెల్లం కలిపి పులియబెట్టిన నీటితో దాని మీద గీస్తారు. గీసిన గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి నల్లటి గట్టి పదార్థంగా మారడమే అక్కడ రహస్యం. కరక్కాయ, అన్నభేది కలిపి చేసిన పాత సిరా కూడా అదే. కన్వర్టరు పూసిన తుప్పు నీలి నలుపుగా మారేది కూడా ఆ కారణంతోనే. ఇంకో రకంలో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది. అది తుప్పుని ఐరన్ ఫాస్ఫేటుగా మారుస్తుంది.

రెండిటికీ హద్దు ఒకటే: అవి తడిసినంత మేరకే పనిచేస్తాయి. దట్టమైన పొర మీద పూస్తే పైభాగం నల్లబడుతుంది, అడుగున తుప్పు ఎర్రగానే ఉంటుంది. నల్లగా మారింది కదా అని ధీమాగా ప్రైమర్ కొడితే మొదటికే వస్తుంది. కాబట్టి వైర్ బ్రష్షుతో, గ్రైండరుతో వదులుగా ఉన్నదంతా తీసేశాక, గుంటల్లో మిగిలినదానికి మాత్రమే కన్వర్టరు. ఫాస్ఫారిక్ రకాన్ని డబ్బా మీద చెప్పినట్టు కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. దాని యాసిడ్ మిగిలి ఉంటే మీద కొట్టే ఎపాక్సీ ప్రైమర్ సరిగ్గా గట్టిపడదు.

తుప్పు పోవడానికి బాత్రూం యాసిడ్ పోసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. క్షణాల్లో ఇనుము తెల్లగా మెరుస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ అది వదిలివెళ్లేది ఉప్పులో ఉండే క్లోరైడే. ఉప్పుగాలి పదేళ్లలో చేర్చే శత్రువుని మనమే బకెట్టుతో తెచ్చి పోసుకున్నట్టు. అతుకుల సందుల్లోకి దిగిన ఆ యాసిడ్‌ని కడిగి బయటికి తీయడం కుదిరే పని కాదు.

ఉప్పు మిగిలిపోతే ప్రైమర్ కింద ఏం జరుగుతుందో మాగాయ పెట్టిన ఇంట్లో అందరికీ తెలుసు. మామిడికాయ ముక్కలకి ఉప్పు కలిపి ఒక రాత్రి ఉంచితే ఊట ఊరుతుంది. ఉప్పు ఉన్న వైపుకి, ముక్క పొరలు దాటి నీరు వస్తుంది. పెయింటు పొర కూడా నీటి ఆవిరిని పూర్తిగా ఆపలేదు. ఏ పెయింటూ ఆపలేదు, కొన్ని తక్కువ రానిస్తాయి, కొన్ని ఎక్కువ రానిస్తాయి. పొర కింద ఉప్పు కణం ఉంటే బయటి నీటిని లాగుతుంది, అక్కడ ఊట చేరుతుంది, పొర ఉబ్బుతుంది. డోరు మీద పెసరగింజంత పొంగు అదే. దాన్ని గుచ్చితే ఒక్కోసారి నీటిచుక్క బయటికి రావడం కూడా అందుకే.

అందువల్ల ఈ తీరంలో పెయింటింగుకి సంబంధించి అతి ముఖ్యమైన సామాను స్ప్రే గన్ను కాదు, కడిగే నీళ్లు. సముద్రానికి దగ్గరగా ఉన్న షెడ్లలో బోరు నీరు ఉప్పగా ఉండే అవకాశం ఎక్కువ. ఆ నీళ్లు చల్లుతూ వాటర్ పేపరు పట్టి రోజంతా రుద్దితే, తుప్పు తీసిన చోట ఉప్పు రాస్తున్నట్టే. నీటిని ఒక స్టీలు పళ్లెంలో పోసి ఎండనిస్తే తెల్లటి చార మిగులుతుందా లేదా తెలిసిపోతుంది. మిగిలితే కనీసం చివరి రెండు కడుగులకైనా మంచినీళ్లు తెప్పించుకోవాలి. ఆర్వో క్యాన్లు నాలుగు కొంటే అయ్యే ఖర్చు, మళ్లీ పెయింటు వేయించే ఖర్చు ముందు లెక్కలోకి రాదు. గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి తుప్పు లేపే బ్లాస్టింగుకి సముద్రపు ఇసుక వాడకూడదన్నది కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. అసలు ఇసుకతో బ్లాస్టింగు చేసేవాళ్ల ఊపిరితిత్తులకి సిలికా దుమ్ము చేసే చేటు వేరే కథ. బానెట్, రూఫు లాంటి పలచటి వెడల్పాటి రేకుల్ని గట్టి ప్రెషరుతో కొడితే సాగి వంకరపోతాయి కూడా.

ఎర్రగా ఉన్నదంతా సింధూరం కాదు

ఇప్పుడు ప్రైమర్. ఈ ప్రాంతంలో గేటుకైనా, గ్రిల్లుకైనా, కారుకైనా మొదట వినపడే పేరు రెడ్ ఆక్సైడ్. "రెండు కోట్లు రెడ్డాక్సైడ్ కొట్టేద్దాం బాబూ, ఇంకేటవుద్ది" అనే ధైర్యం వెనక ఒక పాత జ్ఞాపకం ఉంది. ఒకప్పుడు రైలు వంతెనలకీ ఓడలకీ వేసిన ఎర్ర ప్రైమర్ వేరు. అది అవిసె నూనెలో కలిపిన సీసపు సింధూరం. సీసం నూనెతో కలిసి సబ్బులాంటి పదార్థాలు ఏర్పడి, ఇనుము కరగకుండా నిజంగానే అడ్డుకునేవి. సీసం విషం కావడంతో ఆ రకం వెనక్కి పోయింది. జింక్ క్రోమేటు ప్రైమర్ కూడా విషమే కావడంతో తగ్గిపోయింది. ఇప్పటి మామూలు రెడ్ ఆక్సైడ్‌లో ఉన్న ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది. అది రసాయనికంగా ఏ పనీ చేయని రంగుపొడి. రంగు వారసత్వంగా వచ్చింది, గుణం రాలేదు. గట్టిగా చెప్పాలంటే అది ఇంటి గ్రిల్లుకి చవకైన పూత, పదేళ్లు ఉంచుకోవాలనుకునే కారుకి పునాది కాదు. నీటి ఆవిరిని ఎక్కువగా రానిస్తుంది. పూర్తిగా ఎండడానికి రోజులు పడుతుంది. దాని మీద ఇప్పటి టూకే పెయింటు (గట్టిపరిచే హార్డెనర్ విడి డబ్బాలో వచ్చి, కొట్టే ముందు కలిపేది) కొడితే, ఆ ఘాటు థిన్నరుకి అడుగుపొర మెత్తబడి ముడతలు లేవొచ్చు.

పాత కారు మీది పొరల్లో సీసం ఉండే అవకాశం ఉంది. మన దేశంలో ఇళ్లకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చిందే 2017 నవంబర్ 1 నుంచి. కాబట్టి ఆ పొరల్ని పొడిగా గ్రైండరు పెట్టి లేపకుండా, తడిపి రుద్దడం, మంచి మాస్కు పెట్టుకోవడం అవసరం. షెడ్డు పక్కన పిల్లలు ఆడుకునే చోటైతే ఇంకా జాగ్రత్త పడాలి.

ఎచ్ ప్రైమర్ అనేది ఫాస్ఫారిక్ యాసిడ్ కలిసిన, చాలా పలచటి పూత, పది మైక్రాన్ల చుట్టుపక్కల. పచ్చి ఇనుముని, అల్యూమినియాన్ని, జింకు పూత రేకుని కాస్త కొరికి పట్టుకుంటుంది. పట్టుకోవడమే దాని పని, నీటిని ఆపడం కాదు. దాని మీద నేరుగా లప్పం పెట్టకూడదు. అందులోని యాసిడ్ పాలియెస్టర్ లప్పం గట్టిపడటాన్ని చెడగొడుతుంది. దాని మీద ఎపాక్సీ కొట్టడం కూడా చాలా కంపెనీలు వద్దంటాయి. ఎచ్ వేసిన చోట దాని మీద సరిపడే టూకే సర్ఫేసరు (పై రంగుకి ముందు గీతలు నింపే పొర) రావాలి. రేకు కొత్తది, శుభ్రమైనది, లప్పం అవసరం లేనిది అయితే ఇది చక్కటి దారి. పాత అంబాసిడర్‌లో అలాంటి రేకు ఎంత మిగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు.

మన బండ్లకి, మన గాలికి ఎక్కువ సందర్భాల్లో సరిపోయేది రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్. రెజిన్, హార్డెనర్ కలిస్తే రసాయనికంగా గట్టిపడుతుంది, మళ్లీ థిన్నరుకి కరగదు. నీటి ఆవిరిని మిగతా ప్రైమర్ల కన్నా బాగా తక్కువగా రానిస్తుంది. రుద్దిన ఇనుము మీద, పాత గట్టి రంగు అంచుల మీద, రెండిటి మీదా పట్టుకుంటుంది. దాని మీద లప్పం పెట్టొచ్చు. ఇదే అన్నిటికన్నా పెద్ద లాభం. మన షెడ్లలో అలవాటు ఏమిటంటే పచ్చి రేకు మీద లప్పం, లప్పం మీద ప్రైమర్. పొడి దట్టించిన లప్పం నీటిని పీలుస్తుంది. దాన్ని నీళ్లు చల్లి రుద్దితే ఆ నీరు నేరుగా రేకు దాకా దిగుతుంది. మొదట ఎపాక్సీ, ఆరాక గరుకు పేపరుతో రుద్ది దాని మీద లప్పం, లప్పాన్ని పొడిగానే రుద్దడం, మళ్లీ పైన ప్రైమర్: ఇలా తిరగేస్తే రేకుకీ లప్పానికీ మధ్య ఒక గొడుగు ఉంటుంది. ఈ ఒక్క వరస మార్చడం ప్రైమర్ బ్రాండు మార్చడం కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది.

ఎపాక్సీకి మొండితనం కూడా ఉంది. రెండు కోట్లలో 40 నుంచి 60 మైక్రాన్ల పొర రావాలి, కంపెనీ చెప్పిన కొలతలో కలపాలి. కొన్నిటిని కలిపాక కాసేపు అలా ఉంచి కొట్టమంటారు. పై కోటు ఎన్ని గంటల్లోపు వేయొచ్చో, దాటితే రుద్దాలో లేదో డబ్బాతో వచ్చే కాగితంలో రాసి ఉంటుంది. చలికాలపు రాత్రి నెమ్మదిగా గట్టిపడుతుంది. ఎండకి సుద్దలా రాలుతుంది, కాబట్టి పై రంగు తప్పనిసరి. వదులు తుప్పు మీద కొడితే మాత్రం అదీ ఓడిపోతుంది. తుప్పు రేకుని పట్టుకుని లేదు, ఎపాక్సీ తుప్పుని పట్టుకుంది, అంతా కలిసి పెచ్చుగా ఊడుతుంది.

టూకే సర్ఫేసరు పని వేరు. గీతలు, చిన్న పల్లాలు నింపి, రుద్దితే నునుపు తేలే పొర అది. తేలిగ్గా రుద్దడానికి వీలుగా అందులో పొడి ఎక్కువ, కాబట్టి చెమ్మ పీలుస్తుంది. డబ్బులు కుదరక, రంగు నిర్ణయం కాక, సర్ఫేసరు దశలో రెండు నెలలు షెడ్డు బయట నిలబడిన బండి వానకి ఎంత తాగిందో పై రంగు పడ్డాక తెలుస్తుంది. అలా ఆపక తప్పకపోతే ఎపాక్సీ దశలో ఆపడం నయం. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) ప్రైమర్, ఎన్‌సీ లప్పం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అవి గట్టిపడవు, ఎండుతాయి. ఎండుతూ నెలల తరబడి కుంచించుకుంటాయి. పాత రంగు ఎన్‌సీనా కాదా తెలుసుకోవాలంటే థిన్నరులో ముంచిన గుడ్డ ఒక మూల పెట్టి చూడాలి. రంగు కరిగి గుడ్డకి అంటితే ఎన్‌సీ, ముడత పడితే ఎనామిల్, ఏమీ కాకపోతే టూకే. మొదటి రెండూ అయితే మొత్తం తీసేయడమే మేలు.

జింకు ఎక్కువగా ఉన్న ప్రైమర్ల పేరు కూడా వినపడుతుంది. జింకు తాను కరిగి ఇనుముని కాపాడుతుంది, అది నిజం. కానీ దానికి జింకు రేణువులు పచ్చి ఇనుముని నేరుగా తాకాలి. చేత్తో రుద్దిన, గుంటల్లో తుప్పు మిగిలిన రేకు మీద అది జరగదు. వెల్డింగుకి ముందు ఒకదాని మీద ఒకటి పడే అంచులకి పూసే జింకు ప్రైమర్ మాత్రం కొనాల్సిందే. ఆ సందులోకి తర్వాత ఇంకేదీ వెళ్లలేదు.

టూకే హార్డెనర్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. ముక్కుకి కట్టిన రుమాలు వాటిని ఆపదు. ఒకసారి ఉబ్బసం తెచ్చిపెడితే పెయింటరు ఆ వృత్తే మానుకోవాల్సి రావచ్చు. బయటి నుంచి మంచి గాలి పైపు ద్వారా వచ్చే మాస్కు ఉండాలి. బండి యజమాని రేటు బేరమాడేటప్పుడు ఆ మాస్కు ఖర్చు కూడా లెక్కలో ఉందా అని అడిగితే బాగుంటుంది.

ఎప్పుడు కొట్టాలి

పండగకి బండి రెడీ కావాలి అనే టెన్షన్ ఈ పనికి పెద్ద శత్రువు. దసరాకో, ఆ తర్వాతి మంగళవారం విజయనగరంలో జరిగే సిరిమానుకో బండి తీయాలంటే పెయింటింగు ఆగస్టు, సెప్టెంబరుల్లో పడుతుంది. 30 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న రోజున మంచు పట్టే ఉష్ణోగ్రత, అంటే గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే వేడిమి, సుమారు 27 డిగ్రీలు. రేకు దానికన్నా కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉంటేనే ప్రైమర్ కొట్టాలన్నది పెయింటు రంగంలో పాటించే నియమం. రాత్రంతా చల్లబడిన బానెట్ పొద్దున్న ఏడింటికి 27 దగ్గరే ఉంటుంది. కంటికి కనపడని నీటి పొర దాని మీద ఉన్నట్టే. జనవరిలో 28 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం అదే లెక్క 19 పైచిలుకు దగ్గర ఆగుతుంది. ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. కంప్రెసరు ట్యాంకులో చేరిన నీటిని తీయకుండా కొట్టడం ఏ నెలలోనైనా తప్పే.

బండి మొత్తం ఒకేసారి పచ్చి రేకు చేసేసి, ప్యానెల్ తర్వాత ప్యానెల్ తీరిగ్గా ప్రైమర్ కొట్టడం ఇక్కడ కుదరదు. తేమ రోజున రుద్దిన రేకు కొన్ని గంటల్లోనే పలచగా పసుపు ఎక్కుతుంది. ఆ రోజు సాయంత్రం లోపు ఎంతవరకు ఎపాక్సీ పడుతుందో అంతవరకే ఆ పొద్దున్న రుద్దాలి. కడిగి ఆరబెట్టిన పది నిమిషాలకే మచ్చలు మచ్చలుగా ఎర్రబడితే అక్కడ ఉప్పు మిగిలిందని రేకే చెబుతోంది. మళ్లీ కడగాలి.

రంగు మార్చాలనుకునేవాళ్లు ఆర్సీలో ఉన్న రంగుతో తేడా రాకుండా ఆర్టీవో దగ్గర ముందే సరిచూసుకోవాలి. యాభై ఏళ్లు దాటిన బండ్లకి 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. బాడీని, ఛాసీని, ఇంజన్ని అసలు రూపం పోయేలా మార్చకూడదన్నది అందులో షరతు. కాబట్టి అలాంటి బండికి తుప్పు పట్టిన రేకు కోసేటప్పుడు ముందూ తర్వాతా ఫోటోలు తీసి ఉంచుకోవడం తెలివైన పని.

పై రంగు ఆరాక మిగిలేది లోపలి పెట్టెల పని. సిల్లు, డోరు అడుగు, బానెట్ మడతల్లోకి సన్నటి పైపుతో క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల లోపల పట్టే మైనపు పూత) కొట్టాలి. పాత ఇంజనాయిలు పోసే అలవాటు లారీలకి ఉంది. కాలిన నూనెలో యాసిడ్, నీరు రెండూ ఉంటాయి. పైగా ఎప్పుడైనా మళ్లీ పెయింటు వేయాల్సి వస్తే ఆ నూనె కారిన చోట రంగు నిలవక చేపకళ్లలా గుంటలు పడుతుంది. వ్యాక్స్ కొట్టేటప్పుడు నీరు పోయే చిల్లులు మూసుకుపోకుండా ఒక సన్నటి తీగ దూర్చి చూడాలి. కొత్త రంగు పడిన బండిని జూన్‌లో మొదటి పెద్ద వానకి ఆరుబయట పెట్టి, వాన తగ్గాక నాలుగు డోర్ల కింద కూర్చుని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. చిల్లుల్లోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతుంటే మంచిదే. ఒక డోరు కింద మాత్రమే నేల పొడిగా ఉంటే, ఆ నీళ్లు ఇంకా డోరు లోపలే ఉన్నాయి.